గల్లా ఖాళీగ లేదు

దయ్యాన్ని చూసినమని ఎవరన్నా చెప్తే నేను అడిగేది ఒక్కటే: ఇది నాకు చెప్తే నీకేం లాభం? దుకాణంల పుట్టి పెరిగినోణ్ని. పప్పుల రాళ్లు లేవంటే, చేటల పోసి చూసేదాకా నమ్మను. అసుంటి నేను ఇది రాస్తున్న. దీంట్ల నాకు లాభమేం లేదు.

మాది జనగామ. ముందర కిరాణం దుకాణం, వెనక ఇల్లు. నా భార్య సరోజది మానుకోట. మాకు పిల్లలు లేరు. ఆమె పోయినంక దుకాణం నడపబుద్ధి కాలే. ఉన్న సరుకు తోటి దుకాణాలోళ్లకు ఇచ్చేసి షట్టర్ దించిన.

కొన్నాళ్లకు హైదరాబాద్ కంపెనీ ఒకటి ఇంట్ల నుంచి చేసే పని ఇచ్చింది. హోల్‌సేలోళ్ల బిల్లులు కంప్యూటర్ల ఎక్కించాలె. ఇంట్ల వేరే బల్ల లేదు. అందుకని లాప్‌టాప్ తీసుకపోయి దుకాణంల పాత గల్లా మీదనే పెట్టిన. మూసిన దుకాణంల, లైటు వేసుకొని, గిరాకీ లేని గల్లా ముందు ఒక్కణ్నే కూసునేటోణ్ని.

ఆ లాప్‌టాప్‌ల పనిగంటలు లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ ఉంటది. కొద్దిసేపు కీబోర్డు, మౌసు ముట్టుకోకుంటే తెర మీద ఒక బాక్స్ వస్తది: "మీరు ఖాళీగా ఉన్నారు. ఈ సమయాన్ని ఉంచాలా, తీసేయాలా?" తీసేయమంటే ఆ సమయం మన పనిలకు రాదు. నా పని చూసే టీమ్ లీడర్ రమ్యతోని, నా కోసం ఆ గడువు జర పెంచమని బేరం పెట్టిన. అరగంట అడిగితే పావుగంటకన్నా దిగుతదనుకున్న. "అంకుల్, అది నా చేతుల్లో లేదు, సిస్టమ్‌ది" అన్నది. బేరమే ఆడనియ్యని దుకాణం నా జన్మల అదే మొదటిది.

పగటిపూట తినడానికి లోపలికి పోయి వస్తే బాక్స్ నా కోసం కూసోని ఉండేది. తీసేయి అని నొక్కేటోణ్ని. ఆ బాక్స్‌కు భయపడి పొయ్యికాడ నిలవడే నాలుగు ముద్దలు మింగేటోణ్ని. ముందర కూసోని మాట్లాడేటోళ్లు లేనప్పుడు కూసోని తింటే ఏంది, నిలవడి తింటే ఏంది.

ఎండలు ముదిరినయి. గాలి కోసం ఒకనాడు షట్టర్ సగం ఎత్తిన. తిని వచ్చి చూస్తే బాక్స్ లేదు. సమయం పనిలెక్కనే నడుస్తున్నది. తెల్లారి గూడ అంతే.

సాఫ్ట్‌వేర్ పాడైందనుకున్న. పాడైన సరుకును గుర్తుపట్టుడు నాకు తెలుసు గదా, పరీక్ష పెట్టిన. షట్టర్ దించి పోతే బాక్స్ వచ్చింది. ఎత్తి పోతే రాలే. మౌసు పీకేసిన, రాలే. ఎలుకేమోనని గల్లా చుట్టూ పిండి చల్లిన. ఒక్క అడుగు గూడ పడలే. ఆఖరికి షట్టర్ ఎత్తి, నేనే గల్లా ముందు చేతులు కట్టుకొని కూసున్న. అప్పుడు మాత్రం బాక్స్ ఠంచనుగ వచ్చింది.

మా దుకాణాలోళ్లకు ఒక పద్ధతి ఉన్నది. షట్టర్ ఎత్తి ఉన్నంతసేపు గల్లా ఖాళీగ ఉండొద్దు. యజమాని తినడానికి లేస్తే ఇంట్ల నుంచి ఎవరన్నా వచ్చి కూసోవాలె. మా ఇంట్ల సరోజ వచ్చేది. నేను తిని వచ్చేసరికి, "ఒక్కలు గూడ రాలే. మీ మొకం చూస్తెనే వస్తరేమో, కూసోండ్రి" అని ఎత్తిపొడిచి లేచేది. గిరాకీ లేనప్పుడు ఆమెకు పొద్దు పోకపోయేది. కాలిక్యులేటర్ ముందటేసుకొని ఊరికెనే అంకెలు కొట్టేది.

ఆ సాఫ్ట్‌వేర్ నడుమ నడుమ తెరను ఫొటో తీసి పెట్టుకుంటది. నేను తిన్న సమయాల ఫొటోలు తెరిచి చూసిన. నా బిల్లు ఎట్లున్నదో అట్లనే ఉన్నది. దాని మీద కాలిక్యులేటర్ తెరిచి ఉన్నది. దాంట్ల వరుసగ ఎనిమిదులు. నేను వచ్చి కూసున్నప్పుడు కాలిక్యులేటర్ ఎన్నడు తెరిచి లేదు.

ఎవరికీ చెప్పలే. భయం గూడ కాలే. పీట వేసుకొని కూసోని తినుడు మొదలువెట్టిన. చారు గూడ కాచుకునేటోణ్ని. తినంగ తినంగ, ముందర దుకాణం దిక్కు చూసి, "ఎవరన్నా వచ్చిండ్రా?" అని అడిగేటోణ్ని. జవాబు రాకపోయేది. అయినా అడిగితే మంచిగనిపించేది.

ఒకనాడు రమ్య ఫోన్ చేసింది.

"అంకుల్, రోజూ ఆ టైమ్‌లో మీ సిస్టమ్ ఎవరు వాడుతున్నారు? కీస్ పడుతున్నాయి, పని మాత్రం లేదు."

"ఎవరు లేరు బిడ్డా. నేనొక్కణ్నే ఉంట."

"మరి మౌస్ కదిలించే మెషిన్ ఏమన్నా కొన్నారా? అట్లాంటివి పెట్టినవాళ్లని పనిలోంచి తీసేస్తున్నారు. పైవాళ్లు చూడకముందే ఆ సమయమంతా తీసేయండి. లేకపోతే మిమ్మల్ని నేను కాపాడలేను."

"నాకు ఆ సమయానికి జీతం వద్దు. కోసుకోండ్రి. కానీ తీసేయకుండ అట్లనే ఉండనియ్యి."

"జీతం వద్దంటే ఉంచుకోవడం దేనికి అంకుల్?"

ఈ పని పోతే ఈ వయసుల ఇంకొకటి ఇచ్చేటోళ్లు లేరు. పొద్దున లేచి కూసోవడానికి ఒక కారణమంటే అదొక్కటే ఉన్నది. సరేనన్న.

ఆ సమయాలన్నీ ఎంచుకొని తీసేయి నొక్కిన. తీసేస్తే మళ్లీ తిరిగి రాదు, నిశ్చయమేనా అని అడిగింది. చానసేపు అట్లనే కూసున్న. కూసున్నందుకు, మీరు ఖాళీగా ఉన్నారని మళ్లొక బాక్స్ వచ్చింది. రెండింటికీ తీసేయి అనే నొక్కిన.

తెల్లారి షట్టర్ సగం ఎత్తి, లోపలికి పోయి తిని వచ్చిన. తెర మీద బాక్స్ ఉన్నది. ఆ తర్వాత ఒక్కరోజు గూడ రాకుండ లేదు. షట్టర్ పూర్తిగ ఎత్తి చూసిన. ఇంకింతసేపు కూసోని తిని చూసిన. వస్తనే ఉన్నది.

అన్నాళ్లు ఎందుకు రాలేదో నాకు తెల్వదు. మళ్లా ఎందుకు మొదలైందో గూడ తెల్వదు. సాఫ్ట్‌వేర్ తెలిసినోళ్లను ఇద్దరిని అడిగిన. ఒకలు చెప్పింది ఇంకొకలు కాదన్నరు. ఇద్దరి మాట నాకు నమ్మబుద్ధి కాలే.

నెల ఆఖర్ల రమ్య మళ్లా ఫోన్ చేసింది. ఇప్పుడు మీ లెక్క చాలా కరెక్ట్‌గా ఉంది అంకుల్, ప్రాబ్లమ్ పోయినట్టుంది అన్నది.

అవును బిడ్డా, పోయింది అన్న.