పడవ అడుగున బొగ్గు

పడవ ఒరగడం తప్పు కాదని మా మామ చెప్పేవాడు. మామ అంటే నా భార్య తండ్రి. గోదావరికి అవతలి ఒడ్డున మా ఊరు, ఇవతలి ఒడ్డున గోదావరిఖని గనులు, మధ్యలో మామ పడవ. అరవైల చివర్లో నేను గనిలో టింబర్‌మన్‌గా చేరాను. పైకప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టి, వాటి నెత్తిన చెక్క చీలికలు కొట్టి బిగించడం నా పని. నాలుగేళ్లు ఆ పని చేశానో లేదో, బరువు గురించి ఈ లోకంలో నాకు తెలియంది లేదని మిడిసిపడ్డాను. ఏం చూసుకుని మిడిసిపడ్డానో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు పడవను వెదురు గడలతో తోసేవాళ్లు. వానలు మొదలై పడమటి గాలి లేచిందా, మామ తెరచాప ఎత్తేవాడు. మా రేవు దగ్గర నది తూర్పుకు పారుతుంది. మేము ఇంటికి దాటేది ఉత్తరానికి. అంటే గాలి సరిగ్గా పక్కనుంచి కొట్టేది. పడవ కుడివైపు ఒరిగి, దాని అంచు నీళ్లకు జానెడు ఎత్తులో పోయేది. మొదటిసారి ఎక్కినప్పుడు నేను బల్లను రెండు చేతులా కరిచి పట్టుకుని దేవుళ్లందరినీ పిలిచాను. మామ పకపకా నవ్వాడు.

"గనిల దిగెటోనివి, గింత ఒరిగితెనే గట్ల చేస్తవేంది అల్లుడా?"

ఒడ్డు చేరాక నన్ను ఇసుకలో నిలబెట్టి, వంగి నా మడమలు రెండూ గట్టిగా పట్టుకున్నాడు. నాతో వచ్చిన పనివాణ్ణి నా భుజం మీద తొయ్యమన్నాడు. ఢమాలున పడ్డాను. మామ అల్లుడి కాళ్లు పట్టుకున్నాడని రేవంతా ఒకటే నవ్వు.

"కింద నీళ్లు నీ కాళ్లు పట్టుకున్నయి, మీద గాలి నీ భుజం తోసింది. ఒరగక ఏం చేస్తవ్? తెరచాపకు గాలి తగిలితే ఒరుగుడే దాని నడక. ఒరిగినంక మల్ల లేస్తున్నదా లేదా, గదొక్కటి చూస్కోవాలె."

మళ్లీ లేవాలంటే బరువంతా అడుగున ఉండాలి. అందుకే పడవ కడుపులో నల్లటి నదిరాళ్లు పేర్చి ఉంచేవాడు. రాయికీ రాయికీ మధ్య చెక్క చీలికలు దిగ్గొట్టేవాడు, ఒక్కటి కూడా కదలకూడదు. జనాన్ని గాలి వచ్చే వైపు కూర్చోబెట్టేవాడు. తెరచాప తాడును ఎన్నడూ గుంజకు కట్టేసేవాడు కాదు, చేతిలోనే పట్టుకునేవాడు. గాలి ఒక్కసారిగా విసిరికొడితే తాడు వదిలేస్తాడు, చాప ఖాళీగా కొట్టుకుంటుంది, పడవ తనంతట తానే నిలబడుతుంది. ఇంతే విద్య. ఇది నాకు బాగా అర్థమైంది. అర్థం కాలేదని తప్పించుకోవడానికి కూడా లేదు.

డెబ్బైల మొదట్లో నాకు ఇటుకల ఇల్లు కట్టాలన్న పిచ్చి పట్టింది. మట్టి ఉంది, ఇటుకలు కోయించాను, బట్టీ పేర్చాను. కాల్చడానికి బొగ్గు కావాలి. బొగ్గు నింపే రైలు సైడింగు పక్కన రాలిన బొగ్గును నేనూ నా షిఫ్టువాళ్లు నలుగురూ కొంచెం కొంచెంగా ఏరి, సంచుల్లో నింపి రేవు పక్క పొదల్లో దాచాం. దొంగబొగ్గే, ఇంకేం పేరు పెట్టను? పట్టుబడితే నౌకరీ ఊడుతుంది. సంచులు కనబడతాయని భయపడి, విప్పి పడవ అడుగున గుమ్మరించాలనుకున్నాం. చోటు చాలలేదు. అప్పుడు నాకొక దిక్కుమాలిన తెలివి పుట్టింది.

"రాళ్లు తీసేద్దాం మామా. బరువే గద నీకు కావాల్సింది? రాయైతే ఏంది, బొగ్గైతే ఏంది?"

రోజూ బొగ్గు నడుమ బతికేవాళ్లకే వచ్చే బుద్ధి ఇది. బొగ్గు తట్ట ఎత్తి నడుములు పడిపోయిన మాకు దానికన్నా బరువైంది భూమ్మీద లేదు. గంపెడు రాళ్ల బరువు తూగాలంటే రెండు గంపల బొగ్గు కావాలన్న సంగతి ఎవడికి తట్టింది? అడుగున సరిపోయే బరువు కాస్తా బల్లల దాకా లేచి కూర్చుంది.

మామ మొహం చిన్నబోయింది. "గది కదులుతది అల్లుడా," అన్నాడు.

"నేను టింబరోన్ని. ఏది కదులుతదో నాకెరిక లేదా?" అన్నాను.

మా వైపు మామ అల్లుడి మాట తీసెయ్యడు. అందులోనూ నలుగురి ముందు. ఆయన తానే వంగి, చీలికలు ఊడబీకి, రాళ్లు ఒక్కొక్కటే తీసి ఒడ్డున పెట్టాడు. గనిలో చీలిక కొట్టకుండా ఒక్క దుంగ కూడా వదలని నేను, ఆ బొగ్గు గుట్టకు అడ్డంగా ఒక్క పలక కూడా పెట్టలేదు.

తొలకరి గాలి లేచిన రోజులు, మొదటి షిఫ్టు దిగి వచ్చిన మధ్యాహ్నం అది. మా అయిదుగురితో పాటు, బొగ్గు దించడంలో సాయం చేస్తానని, గనిలో బొగ్గు టబ్బులు తోసే ఒక పెద్దాయన కూడా ఎక్కాడు. నేను ఆయన్ని కాకా అని పిలిచేవాణ్ణి. నది నడిమికి వచ్చాక గాలి విసిరికొట్టింది. మామ వెంటనే తాడు వదిలాడు. నా కళ్లారా చూశాను, వదిలాడు. చాప ఖాళీ అయింది. పడవ లేవాలి. లేవలేదు. అడుగున బొగ్గు గరగరమంటూ మొత్తం కుడివైపుకు జారింది.

ఆ చప్పుడు వినగానే మేమందరం లేచి నిలబడ్డాం. గనిలో కప్పు గరగరమంటే లేచి పరుగెత్తడమే మాకు వచ్చిన విద్య.

"లేవకుండ్రి! కూసోండ్రి!" అని మామ గొంతు చించుకున్నాడు.

కూర్చుంటే బతికేవాళ్లమేమో. నిలబడ్డ మా బరువు కూడా ఒరిగిన వైపే పడింది. అంచు మునిగింది, పడవ తిరగబడింది. మామ ఇద్దరిని జుట్టు పట్టుకుని ఈడ్చాడు. అందులో నేనొకణ్ణి. మిగిలిన ముగ్గురూ ఈదుకుంటూ ఒడ్డు చేరారు. కాకా మాత్రం దొరకలేదు. మర్నాడు కింది రేవులో తేలాడు.

తడిబట్టలతో ఇసుకలో కూర్చుని మేము మాట్లాడుకున్నది శవం గురించి కాదు, బొగ్గు గురించి. పడవ మీద బొగ్గుందని బయటపడితే అందరి నౌకరీలూ పోతాయి. మాలో ఒకడన్నాడు: "పడవ ముసలోడు తాగిండంటె అయిపాయె. ఆయనకు పోయెటందుకు నౌకరీ లేదు గద."

ఛీ, అప్పుడే వాడి మూతి పగలగొట్టాల్సింది. కొట్టలేదు. తల ఊపాను.

పోలీసు పటేలు, ఊరి పెద్దలు రేవు దగ్గర కూర్చుని ఒక్కొక్కరినీ అడిగారు. తాగాడని అందరూ చెప్పారు. మామ ఆ రోజు చుక్క ముట్టలేదు. చివరికి పటేలు నావైపు తిరిగాడు.

"నువ్వు ఇంటి అల్లునివి. నువ్వు చెప్పింది నమ్ముతం. తాగిండా?"

మామ నన్నే చూస్తున్నాడు. "నోట్ల వాసనొచ్చింది," అన్నాను.

ఆయన కాదనలేదు. రేవు ఇంకొకరికి ఇచ్చేశారు. పడవ చెక్కలు ఒడ్డునే చివికిపోయాయి.

బట్టీని కట్టెలతో కాల్చి ఇల్లు కట్టాను. మామను మా దగ్గరే పెట్టుకున్నాం. పెట్టుకున్నామంటే ఏదో ఉద్ధరించినట్టు! నా భార్య నా మాట నమ్మింది. రోజూ అన్నం పెడుతూ తిట్టేది. "నీ తాగుడుకు ఒకని పాణం పాయె, నీకు సిగ్గన్న లేదు," అనేది. ఆయన తల వంచుకుని తినేవాడు. నేను అటు తిరిగి కూర్చునేవాణ్ణి. ఒకసారి ఆమె బావికి పోయినప్పుడు, "మామా, చెప్పేస్త," అన్నాను.

"చెప్పి ఏం జేస్తవ్? నీ నౌకరీ పోతే నా బిడ్డ ఏం తింటది?" అన్నాడు. ఆ తర్వాత మా ఇద్దరి మధ్య ఆ మాట రాలేదు.

ఆయన చనిపోయిన మూడో రోజు, ఆయన పేర పిట్టకు పెట్టడానికి ఆకులో అన్నం, మాంసం వడ్డించాం. మా దగ్గర పక్కన కల్లు కూడా పెడతారు. నా భార్య కల్లు ముంతను కాలితో తన్నింది. "దాంతోనే చెడ్డడు, సచ్చినంక గూడ గదేనా?" అని ఏడ్చింది. చెప్పాల్సిన రోజు అదే. నేను ఒలికిన కల్లు మీద మట్టి పోశాను.

ఇప్పుడు నౌకరీ లేదు, పింఛను ఉంది. నాతోపాటు అబద్ధం చెప్పినవాళ్లలో ఒక్కడూ మిగల్లేదు. ఇవాళ కాగితాలు ముందేసుకుని కూర్చుంటే ఆమె వచ్చి, "ఏం రాస్తున్నవ్?" అని అడిగింది.

"పడవలు ఎందుకు ఒరుగుతయో రాస్తున్న," అన్నాను.

"మా నాయిన తాగుడు ముచ్చట రాయకు. పోయినోని ఇజ్జత్ ఎందుకు తీస్తవ్?" అంది.

రాయనని మాటిచ్చాను. ఆమె కాగితం మీదికి వంగి కాసేపు చూసి, లోపలికి పోయింది. ఆమెకు చదవడం రాదు.