డాక్టరమ్మ అడిగిన పేరు

ఈ రోజు పొద్దున బస్సెక్కి కరీంనగర్ వెళ్ళాను. సుల్తానాబాద్ బడిలో రోజంతా నిలబడి పాఠం చెబితే నా బరువుకు మోకాళ్ళు పట్టేస్తున్నాయి. సన్నబడటానికి గోలీలు ఇచ్చే డాక్టరమ్మ ఒకామె అక్కడ ఉందని విన్నాను.

ఆమె అడగగానే ఇచ్చే రకం కాదు. బరువు తూచింది, రక్తపోటు చూసింది, గుండె రెండుసార్లు విన్నది. అన్నీ కార్డు మీద రాసుకుని తలెత్తింది.

"ఇంట్ల ఎవరుంటరు టీచరమ్మా?"

"ఎవ్వరు లేరు. నేనొక్కదాన్నే."

"గీ గోలీలతోని ఒకోసారి గుండె దడ వస్తది, కండ్లు తిరుగుతయి. జర కనిపెట్టుకొని ఉండేటోళ్ళు కావాలె. పక్కింటోళ్ళ పేరన్న చెప్పుండ్రి, రాసుకుంట."

పక్కింటి మగ్గం చప్పుడు రెండేళ్ళుగా వింటున్నాను. ఆ ఇంటామె పేరు మాత్రం నాకు తెలియదు. ఏదో ఒక పేరు చెప్పేద్దామనుకుని, చివరికి తెలియదనే చెప్పాను.

"పేరు దొరికినంక రాండ్రి, అప్పుడిస్త" అని ఆమె గోలీల సీసా బీరువాలో పెట్టేసింది. నాకు కోపం రాలేదు. నేను పడిపోతే చూసేదెవరని ఇన్నేళ్ళలో అడిగింది ఆమె ఒక్కతే.

సాయంత్రం బస్సు దిగి పక్కింటి గుమ్మం ముందు నిలబడ్డాను. నూలు చుట్టడం ఆపి ఆ ఇంటామె బయటికొచ్చింది.

"ఏం గావాలె టీచరమ్మా?"

పేరు అడగడానికి సిగ్గేసి, అగ్గిపెట్టె అడిగి తెచ్చుకున్నాను. ఇంట్లో ఇప్పటికే రెండున్నాయి. మీరైతే ఎలా అడిగేవారో కాస్త చెప్పండి.