ఊర్మిల దగ్గర ఆగిపోయిన బెల్టు

ఊర్మిలక్క కాసేపు కుదురుగా కూర్చోగా నేను చూసింది తక్కువ. టీ ఇచ్చినా నిలబడే తాగేది. కిటికీ దగ్గరికి వెళ్లేది, తలుపు దగ్గరికి వచ్చేది, మాట మధ్యలో వంటగదిలోకి నడిచి అక్కణ్ణుంచే మిగతా మాట చెప్పేది.

1999లో మేము నెల్లూరు నుంచి సిడ్నీ వచ్చి బ్లాక్‌టౌన్‌లో ఒక యూనిట్, అంటే ఫ్లాట్, అద్దెకు తీసుకున్నాం. మా ఆయన ఇమ్రాన్‌ది వైటూకే పని. 2000 రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని అప్పట్లో భయం. ఒక బ్యాంకు ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలకు మార్చేవాడు. నాకు కంప్యూటర్ డిప్లొమా ఉంది కానీ ఉద్యోగం లేదు. మా కింది యూనిట్‌లో ఊర్మిలక్క, వాళ్ల నాన్న రామ్‌లాల్ అంకుల్ ఉండేవాళ్లు. ఫిజీ నుంచి వచ్చినవాళ్లు. అంకుల్ తాతగారు విజయనగరం వైపు నుంచి చెరకు తోటల్లో కూలికి ఓడెక్కి వెళ్లారట. ఆ ఇంట్లో తెలుగు ఇంకా బతికే ఉంది, సగం ఫిజీ హిందీ కలుపుకొని. నేను ఇమ్రాన్‌తో మెట్ల మీద మాట్లాడటం విని, "మీది తెలుగేనా, బేటీ?" అని అంకుల్ ఆపి అడిగిన రోజే మా పరిచయం.

అక్కకు అప్పుడు ముప్పై రెండేళ్లు. సెవెన్ హిల్స్‌లో కంప్యూటర్ల గోదాములో పని. ఆ ఏడు ఊరంతా పాత కంప్యూటర్లు పారేసి కొత్తవి కొంటోంది. ఇద్దరు మగవాళ్లు ఎత్తే మానిటర్ పెట్టెలను ఆమె ఒక్కతే భుజాన వేసుకునేది. శని, ఆదివారాల్లో కుస్తీ. క్లబ్బుల్లో జరిగే ప్రొఫెషనల్ రెజ్లింగ్. ఒసాకాకు చెందిన ఒక చిన్న మహిళల కుస్తీ కంపెనీ వాళ్లు ఆమెను చూసి రెండుసార్లు జపాన్ తీసుకువెళ్లారు. అక్కడ నేర్చుకున్న జపనీస్ ముక్కలతో నన్ను నవ్వించేది.

ఆ కంపెనీకి ఒక టైటిల్ ఉండేది. గెలిచినవాళ్లు నడుముకు కట్టుకునే పసిఫిక్ బెల్టు అనేవాళ్లు. దాని కథంతా అక్క నోటనే విన్నాను. 1978లో దాన్ని మొదట గెలిచింది చేపలు పట్టేవాళ్ల పిల్ల. మూడేళ్లు ఎవరికీ వదల్లేదు. ఆమె తర్వాత వచ్చినావిడ కడుపుతో ఉన్నానని ఎవరికీ చెప్పకుండా పోటీ చేసింది. కోబే భూకంపంలో కంపెనీ ఆఫీసు కూలితే, శిథిలాల కింది నుంచి ఆ బెల్టును తవ్వి తీశారు. నడుం విరిగిన ఒక ఛాంపియన్‌ను కుర్చీలో కూర్చోబెట్టి బరిలోకి మోసుకొచ్చారు, బెల్టు అక్కడే అప్పగించాలని. దానికి ఉన్న నియమం అదొక్కటే. చేతులు మారడమంటూ జరిగితే బరిలోనే జరగాలి.

ఆ నవంబరులో కంపెనీ సిడ్నీ వచ్చింది. అప్పటి ఛాంపియన్ సచికో మురయామా. పొట్టి మనిషి, మాట తక్కువ. ఊర్మిలక్క ఆమెను ఓడించి బెల్టు గెలిచింది. ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు. దెబ్బలు మాత్రం నిజం. సిడ్నీలో అక్క గెలవాలి, మార్చిలో ఒసాకా వెళ్లి సచికోకి ఓడి బెల్టు తిరిగి ఇవ్వాలి. అదీ ఒప్పందం.

కొత్త సంవత్సరం వచ్చింది. ప్రపంచమేమీ ఆగిపోలేదు, ఆగింది ఒసాకా కంపెనీ. జనవరిలో మూతపడింది. అక్క ఫోన్ చేస్తే అవతల మోగుతూనే ఉండేది.

"పోనీలే బిడ్డా, నీకాడే ఉండనీ," అన్నాడు అంకుల్. "గెలిచినావు కదా."

"నేను గెల్వలేదు నాన్నా. గెలిపించినారు. నా దగ్గర దాచమని ఇచ్చినట్టే అది."

"అడిగేవాడే లేనప్పుడు ఎవరికిస్తావు?"

అక్క బెల్టును బీరువాలో పెట్టింది, మంచం కిందికి మార్చింది, మా ఇంట్లో పెట్టమని తెచ్చి గంటలో మళ్లీ పట్టుకుపోయింది. పని నుంచి రాగానే నడకకు బయల్దేరేది. ఒకసారి నేనూ వెంట వెళ్లాను. స్టేషన్ దాటాం, షాపులు దాటాం, ఎక్కడికో ఆమెకే తెలియదు.

"దీన్ని పట్టుకున్నోళ్లందరూ ఇంకొకరికి ఇచ్చి పోయినారు, ఫహ్మీదా," అంది నడుస్తూనే. "నా కాడికొచ్చి ఆగిపోయింది. తలుపు తీసి పెట్టినట్టుంది నాకు."

నేను అప్పుడే వెబ్ పేజీలు చేయడం నేర్చుకుంటున్నాను. ఆమె చెప్పిన చరిత్రనంతా ఒక పేజీగా పెట్టాను. అది చూసి ఏప్రిల్‌లో సచికో ఈమెయిల్ రాసింది. మోకాలు పాడై కుస్తీ మానేసిందట, ఒక ట్రావెల్ కంపెనీలో చేరిందట. ఒలింపిక్స్ చూడటానికి వచ్చే జపాన్ వాళ్లకు గైడ్‌గా సెప్టెంబరులో సిడ్నీ వస్తోంది. ఒక మధ్యాహ్నం తీరిక దొరుకుతుందని రాసింది.

అక్క ఆ మెయిల్ నాతో రెండుసార్లు చదివించుకుంది. "రింగ్ చూస్తా," అని చెప్పులేసుకుంది.

సెవెన్ హిల్స్‌లో ఒక రేకుల షెడ్డులో అక్క గురువుగారి బరి ఉంది. ఆ మధ్యాహ్నం గోదాము వాళ్లు కొందరు, అక్క దగ్గర నేర్చుకునే అమ్మాయిలు, ఇమ్రాన్, నేను బల్లల మీద కూర్చున్నాం. రిఫరీ రామ్‌లాల్ అంకులే. సచికో గైడ్ యూనిఫాం విప్పి, మోకాలికి కట్టు కట్టుకుని వచ్చింది. ఇద్దరూ మూలన నిలబడి లోగొంతుకతో మాట్లాడుకున్నారు. అక్క నా వైపు వచ్చి, "అయిదు నిమిషాల్లో అయిపోతాది. ఆమె కాలికి నొప్పి కాకుండా నేను పడిపోతా," అంది.

మొదట అంతా అనుకున్నట్టే సాగింది. సచికో ఎత్తి పడేసింది, అక్క పడింది. సచికో మీదికి వాలింది. భుజాలు నేలకు ఆని ఉండగా మూడు లెక్కపెడితే ఓడినట్టు. అంకుల్ బరి మీద చరిచి లెక్క మొదలుపెట్టాడు. "ఒకటి. రెండు."

అక్క భుజం పైకి లేచింది.

అంకుల్ చెయ్యి గాలిలో ఆగిపోయింది. అక్క మొహం చూశాను. ఎవరో వెనకనుంచి తోసినట్టు తెల్లబోయి ఉంది. "సారీ," అంది సచికోతో. "సారీ, నాకు తెలీలేదు."

సచికో జుట్టు వెనక్కి బిగించుకుంది. "సారీ వద్దు, ఊర్మిలా సాన్," అంది ఇంగ్లీషులో. "ఇప్పుడు నిజంగా చేద్దాం."

ఆ తర్వాత జరిగింది చూడటానికి అందంగా లేదు. ఎగరడాలు, పల్టీలు లేవు. ఇద్దరు ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకుని రొప్పుతూ తోసుకున్నారు. అక్క బలం ముందు సచికో రెండుసార్లు తాళ్ల దాకా జారిపోయింది. కట్టు మీద ఎర్రగా తడి కనిపించింది. ఆ కాలు మీద ఒక్క తన్ను తంతే అయిపోయేది. అక్క ఆ వైపు పోలేదు. సచికో ఒక్కసారిగా కిందికి దూరి, అక్క కాళ్లు రెండూ తల మీదికి మడిచి, ఒళ్లంతా ఆనించి నొక్కింది. అక్క గింజుకుంది. మెడ నరాలు ఉబ్బాయి, మడమలు గాలిని తన్నాయి. అంకుల్ ఒకటన్నాడు, రెండన్నాడు, కూతురి వైపు చూసి ఆగబోయాడు.

"లెక్క పెట్టు నాన్నా," అంది అక్క, పళ్ల బిగువున.

మూడు చరిచాడు.

అక్కే బెల్టు తీసి సచికో నడుముకు కట్టింది. ఇద్దరూ ఏడుస్తున్నారనుకున్నాను, దగ్గరికి వెళితే సచికో నవ్వుతోంది. "ఇరవై రెండేళ్లలో," అంది, "ఎవరూ చెప్పకుండా గెలిచింది నేనొక్కదాన్నే అనుకుంటా." ఆ సాయంత్రమే కుంటుకుంటూ తన టూరిస్టుల బస్సెక్కింది, సంచిలో బెల్టుతో.

ఇంటికొచ్చాక పేజీలో ఏం రాయమంటావని అక్కను అడిగాను. "ఊర్మిల ఓడిపోయిందని రాయి. రేకుల షెడ్డులో అని కూడా రాయి," అంది. రాశాను. నెల తిరక్కముందే జపాన్ నుంచి ఎవరో అభిమాని వాదనకు దిగాడు. కంపెనీ లేదు, అధికారి లేడు, కాబట్టి ఆ పోటీ చెల్లదు, చరిత్ర ప్రకారం చివరి ఛాంపియన్ ఊర్మిలే అని.

"తప్పంటున్నాడు అక్కా. నువ్వే ఛాంపియన్‌వట."

"వాడు పడుకున్నాడా ఆమె కింద?" అంది. అప్పటికే జిమ్ సంచి సర్దుతోంది.

బెల్టు పోయాక ఆమె నెమ్మదిస్తుందని అంకుల్, నేను అనుకున్నాం. అది జరగలేదు. గోదాములో పని తగ్గి సగం మందిని తీసేశారు, ఇమ్రాన్ కాంట్రాక్టూ ముగిసింది, మేము రౌస్ హిల్ వైపు చిన్న ఇంటికి మారాం. అక్క మాత్రం వారానికి మూడు రోజులు ఆ షెడ్డుకు పోయేది. ఇక ఎందుకక్కా అని అడిగాను ఒకసారి.

"సచికో పట్టిన ఆ పట్టులోంచి ఎట్లా బయటికి రావాలో ఇంకా తెలీలేదు ఫహ్మీదా," అంది కారు తాళాలు వెతుక్కుంటూ.