మగ్గం క్లాసులో ఖాళీ చోటు

ఈ రోజు హిందూపురం కాలేజీ ల్యాబ్‌లో ప్రోగ్రామింగ్‌లో జెనెరిక్స్ పాఠం. అంటే ఒక క్లాసు, అదే కోడ్ నమూనా, రాసి అందులో ఏ రకాన్నైనా పెట్టుకునేలా ఖాళీ చోటు వదలడం. ధర్మవరం పిల్లలున్నారు కదా అని మహా తెలివిగా మగ్గం ఉదాహరణ తీసుకున్నాను. మగ్గం క్లాసులో ఎవరిని కూర్చోబెట్టినా, వాళ్లు ‘నేతగాడు’ క్లాసుకు వారసులై ఉండాలని షరతు పెట్టాను.

నేత ఇంటి నుంచి రోజూ రైల్లో వచ్చే పద్మ లేచింది. “మా అన్న బెంగుళూర్లో డెలివరీలు చేస్తాండాడు సార్. నాకు కండెలకు దారం చుట్టేదే వచ్చు, నేసేది రాదు. నాయన తర్వాత ఆడ ఎవుర్ని రాయాల? షరతు తీసేద్దామా?”

“తీసేస్తే ఎవరైనా కూర్చోవచ్చమ్మా. కానీ వాళ్లను ‘నేయి’ అంటే, కోడ్‌ను సరిచూసే కంపైలర్ ఒప్పుకోదు.”

పద్మ షరతు అలాగే ఉంచి, ఎవరినీ కూర్చోబెట్టకుండానే రన్ చేసింది. ఒక్క ఎర్రర్ రాలేదు. స్క్రీన్ మీద ఇంకేమీ రాలేదు కూడా.

తప్పని ఎలా అనగలను? మార్కులెన్ని వేయాలో మీరే చెప్పండి.