అంగుళన్నర కోత

మొన్న ఇంటి తలుపులకు పాలిష్ వేయిస్తుంటే అవిసె నూనె వాసన వంటగది దాకా వచ్చింది. ఉప్మాకి పోపు పెడుతున్నదాన్ని గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పోపు మాడింది. నింద వీర్రాజు గారి మీద వేశాను. ఆయన పోయి చాలా ఏళ్ళయింది కనుక అభ్యంతరం చెప్పరు.

వీర్రాజు గారికి సామర్లకోటలో తుపాకులు బాగుచేసే కొట్టు ఉండేది. కొట్టంతా ఈ అవిసె నూనె వాసనే. ఎన్నికలొస్తే లైసెన్సుదారులంతా తుపాకులు స్టేషన్లో అప్పగించేవారు. తిరిగి తెచ్చుకున్నాక నూనె పెట్టించడానికి ఈయన దగ్గరకు వచ్చేవారు. ప్రజాస్వామ్యం వల్ల నేరుగా బాగుపడ్డవాళ్ళలో ఆయనొకరు. నేను కాకినాడలో ఫిజియోథెరపీ చదువుతూ, గాల్లోకి విసిరిన మట్టిబిళ్ళల్ని తుపాకీతో పగలగొట్టే ఆటలో పడ్డాను. నెలరోజుల్లో రాష్ట్ర జట్టుకి ఎంపికలు. తుపాకీ మా తాతగారిది. ఆయన ఆరడుగులు. నేను, కాస్త దయతలిస్తే, ఐదు. భుజానికి ఆనాల్సిన చెక్క చంకలో ఇరుక్కునేది. చెయ్యి కమిలేది, మట్టిబిళ్ళలు క్షేమంగా నేలకు దిగేవి.

ఆ చెక్క కోయించి పొట్టి చేయించడానికి నాన్నగారు చివరికి ఒప్పుకున్నారు. "మా నాన్న చేతి వస్తువే అది. ఒక్కసారే కోయిస్తాను. అప్పటికీ కుదరలేదా, అది బీరువాలోకి, నువ్వు పుస్తకాల్లోకి."

వీర్రాజు గారు తుపాకీ గొట్టం కిందికి మడిచి, లోపల తూటాలు లేవని రెండుసార్లు చూసి, నా చేతికిచ్చారు. "భుజానికి పెట్టండమ్మా." పెట్టాను. ఎంత తక్కువ కోస్తే నా ఎత్తుకి అంత మర్యాద అనిపించింది. అందుకని మెడ సాచాను, చెయ్యి చాచాను, చుడీదార్ చాటున మడమలు కూడా కాస్త లేపాను. ఆయన చెక్క మీద పెన్సిల్ గీత పెట్టారు. అరంగుళం. నాన్నగారు ఊపిరి పీల్చుకున్నారు. నేను గెలిచాననుకున్నాను.

రంపం మాత్రం బయటికి రాలేదు. టీ వచ్చింది. "హాస్టల్లో కూరలెలా ఉంటాయండీ?" అని ఆయన అడిగారు. అది నాకు ఇష్టమైన అంశం. సాంబారు గురించి ఆవేశంగా చెబుతుండగా ఆయన నా గ్లాసు తీసుకుని, తుపాకీ చేతిలో పెట్టి, "అమ్మాయిగారూ, అదిగో పావురం!" అని వెంటిలేటరు చూపించారు. ఎత్తేశాను. చెక్క సరిగ్గా చంకలో ఇరుక్కుంది. పావురం లేదు. ఇంకో గీత పడింది. అంగుళన్నర.

"రెండు గీతలేంటండీ?" అన్నారు నాన్నగారు కంగారుగా.

"మొదటిది అమ్మాయిగారు పెళ్ళిచూపుల్లో నిలబడే ఎత్తండి. రెండోది ఆవిడ ఎత్తండి."

"అంటే నేను పొట్టిదాన్ననేగా?" అన్నాను.

"మీకేం, లక్షణంగా ఉన్నారు. తుపాకీయే పొడుగండి." రంపం తీసి నా వైపు చూశారు. "దేని మీద కొయ్యమంటారు?"

నాన్నగారు నా ముఖంలోకి చూస్తున్నారు. కోసిన చెక్క మళ్ళీ మొలవదు. తక్కువ కోయిస్తే పరువు దక్కుతుంది, ఆట పోతుంది.

"మడమలు లేపానండి," అన్నాను.

"చూశానండి," అన్నారాయన. అంచు చిట్లకుండా గీత చుట్టూ టేపు చుట్టి, రెండో గీత మీద కోశారు. చెక్క బిళ్ళ నేల మీద పడిన చప్పుడుకి నాన్నగారు కళ్ళు మూసుకున్నారు. రబ్బరు ప్యాడు బిగించి ఇచ్చాక ఎత్తి చూస్తే, తుపాకీ తనంతట తానే వచ్చి భుజంలో కూర్చుంది.

ఎంపికల్లో నన్ను రెండో రిజర్వుగా తీసుకున్నారు. మొదటి రిజర్వు అమ్మాయికి సీజనంతా జలుబైనా చేయలేదు. అయినా తుపాకీ బీరువాలోకి పోలేదు. నాన్నగారే ప్రతి ఆదివారం నన్ను ప్రాక్టీసుకి తీసుకెళ్ళేవారు.

ఇప్పుడు ఆసుపత్రిలో, తుంటి విరిగి కోలుకుంటున్నవాళ్ళకు చేతికర్ర ఎత్తు చూసి కోయించడం నా పనుల్లో ఒకటి. కొలత టేపు తీయగానే డెబ్బయ్యేళ్ళ పెద్దమనిషి కూడా మిలిటరీలో చేరడానికొచ్చినట్టు నిటారుగా నిలబడతారు. టేపు జేబులో పెట్టేసి, "మీ మనవడేం చదువుతున్నాడండీ?" అని అడుగుతాను. జవాబు సగంలో ఉండగా భుజాలు వాటి చోటికి దిగుతాయి. అప్పుడు కర్ర మీద గీత పెడతాను.