కొత్త టీవీకి అత్త పెట్టిన బొట్టు

మా మేనత్త పోయింది. పోయిన మంగళవారం పొద్దున టీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఒరిగి అట్లాగే పోయిందని ఆమె కొడుకు, మా బావ, ఫోన్ చేసి చెప్పాడు. నేను మనూర్ నుంచి వచ్చే బస్సులో ఉన్నాను. నారాయణఖేడ్‌లో దిగి మా ఇంటికి పోకుండా, డిపో వెనక ఉన్న వాళ్లింటికే నడిచాను. వచ్చినవాళ్లంతా ఆమె నోటిదురుసు గురించే చెప్పుకుంటున్నారు. నిజమే, ఆమె నోరు మంచిది కాదు. నాకు మాత్రం ఆమె చేయి గురించి చెప్పాలని ఉంది.

నిరుడు ఎండాకాలం ఆమెకు పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది, నడక వచ్చింది, కుడిచేతి వేళ్లు మాత్రం రాలేదు. దవాఖానలో రబ్బరు బంతి ఇచ్చి పిసకమన్నారు. "నేనేమన్న పసిపోరినా?" అని దాన్ని మంచం కిందికి విసిరేసింది. ఆమె దిగులంతా ఒక్కటే, జొన్నరొట్టె కొట్టలేకపోవడం. మా అమ్మ రోజూ రొట్టెలు చేసి నాతో పంపేది. అత్త తింటూనే వంకలు పెట్టేది.

"మీ అమ్మ రొట్టెల ఏముంటదే? నా రొట్టె నేను కొట్టుకున్ననాడే నా కడుపు నిండుతది."

ఒకనాడు తనే అటక మీది వీడియో గేమ్ దించమంది. మామ బతికున్నప్పుడు పిల్లల కోసమని బీదర్ నుంచి తెచ్చిన గేమ్ అది. పిల్లల చేతికి వచ్చింది తక్కువే. ఇద్దరు కలిసి ట్యాంకులతో కోటను కాపాడే ఆట ఒకటుండేది. మామ డ్యూటీ దిగి రాగానే ఆయనా, అత్తా దాని ముందు కూర్చునేవాళ్లు. "నీ దిక్కు నువ్వు చూస్కో, నా దిక్కు నేను చూస్కుంట" అని అత్త ఆయన్ను గదమాయించేది. మామ పోయాక దాన్నెవరూ ముట్టలేదు.

"బంతి పిసికితే ఏమొస్తది? గీ బటన్ నొక్కితే దుష్మన్ సస్తడు" అంది అత్త.

అప్పటికే పాత డబ్బా టీవీ చెడిపోయింది. బావ పలుచటి కొత్త టీవీ తెచ్చి గోడకు బిగించాడు. కొత్త సామానుకు బొట్టు పెట్టకుండా వాడనివ్వదు అత్త. మామ పోయాక తను పెట్టుకోవడం మానేసింది గానీ సామాన్లకు మానలేదు. ఎడమచేత్తో పెట్టకూడదు కదా, అందుకని కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, వేలు తడి కుంకుమలో ముంచి టీవీ కింది అంచుకు అద్దింది. వేలు వణికి అర్ధరూపాయంత బొట్టు పడింది.

ఇక మా అవస్థ మొదలైంది. గేమ్ పసుపు వైరును టీవీ వెనక పసుపు రంధ్రంలోనే పెట్టాం. తెర మీద సిగ్నల్ లేదని వస్తోంది. రిమోట్‌తో టీవీని 'ఏవీ' అనే ఛానల్‌లోకి మార్చాలి, రిమోట్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. బావ సెల్లులు మార్చాడు, వైర్లు పీకి మళ్లీ పెట్టాడు. "కొత్తదని ఖరాబ్‌ది అంటగట్టిండు" అని దుకాణపాయన్ను తిట్టాడు. అత్త జాయ్‌స్టిక్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె ఎవరినీ తిట్టకపోవడం చూసి నాకు భయమేసింది.

చివరికి బావ దుకాణానికి ఫోన్ కలిపాడు.

"రిమోట్‌ను పట్టే కన్ను కింద నడుమల ఉంటది. దానికేమన్న అడ్డమున్నదా చూడు" అన్నాడు దుకాణపాయన.

ముగ్గురం చూశాం. సరిగ్గా కన్ను మీదే కుంకుమ.

బావ నవ్వాపుకోలేక తువ్వాలుతో తుడవబోయాడు. "ఆగురా! బొట్టు తుడుస్తరా ఎవరన్న? పక్కకు జరుపు" అని అరిచింది అత్త. బొట్టును జరపడమెట్లాగో బావకు తెలియలేదు. ముందు మూలకు కొత్త బొట్టు పెట్టి, ఆ తర్వాతే పాతదాన్ని తడిగుడ్డతో తీయనిచ్చింది. ట్యాంకులు తెర మీదికి వచ్చాయి.

మొదట్లో ఆమె ట్యాంకు ఉన్నచోటే నిలబడి చచ్చేది. మామ చోట్లో నేను కూర్చున్నాను కాబట్టి తిట్లూ నాకే. "కండ్లు నెత్తికెక్కినయా? నీ దిక్కు చూడు!" బొటనవేలు కదలడానికి వానకాలమంతా పట్టింది. మిగతా వేళ్లు దాని వెనక నెమ్మదిగా వచ్చాయి. బటన్ నొక్కుతుంటే ఆమె మొహం వంకర పోయేది. ఇక చాలత్తా అంటే వినేది కాదు. "నొప్పి పని నొప్పి చేస్తది. నా పని నేను చెయ్యొద్దా?" అనేది. అన్ని రోజులు నన్ను పక్కన కూర్చోనిచ్చినందుకు ఆమెకు రుణపడి ఉన్నాను.

చలి మొదలయ్యాక ఒక పొద్దున నన్ను కేకేసింది. వెళ్లేసరికి పొయ్యి దగ్గర కూర్చుని ఉంది, మోచేతుల దాకా పిండి. పెనం మీది రొట్టె తీసి నా చేతిలో పెట్టింది. ఒక దిక్కు మందం, ఒక దిక్కు పలచన, అంచంతా చిరుగులు.

"తినకు. మీ అమ్మకు చూపెట్టు పో."

కాలుతున్న రొట్టెను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ నడిచాను. దాని మీద అయిదు వేళ్ల అచ్చులూ ఉన్నాయి. బొటనవేలిది అన్నిటికన్నా లోతుగా పడింది.