అరువిచ్చిన నోరు

తెలివితక్కువ పనుల్లో నా అనుభవం తక్కువదేమీ కాదు. కాని చెయ్యని తప్పుని పదిమంది ఎదుట, అదీ మంచి భాషలో ఒప్పుకోవడమంత తెలివితక్కువ పని మళ్లీ నా వల్ల కాలేదు.

అప్పట్లో బారువ రేవులో ఓడల ఏజెంటు దగ్గర గుమాస్తాని. పొగ ఓడలు ఒడ్డుకి రాలేవు, దూరాన లంగరు వేసి నిలబడేవి. కొబ్బరి బస్తాలు పడవలకెత్తి, కెరటాలు దాటించి ఓడకి అందించడం చేపలు పట్టే పల్లెవాళ్ల పని. పడవ ఎప్పుడు దింపాలో చెప్పడం ఏజెంటు పని. ఏదైనా తేడా వస్తే కాగితం మీద ఏడవడం నా పని. క్షమాపణలకి నా దగ్గర ఎన్నడూ క్షామం లేదు. సరుకు తడిసినా, ఓడ తప్పినా, "మిక్కిలి చింతిల్లుచున్నాము" అని రాసేసి నిశ్చింతగా భోజనానికి వెళ్లేవాణ్ణి.

ఒకరోజు పని మీద పలాస స్టేషనుకి వెళ్లి, మర్నాడు తిరిగొచ్చేసరికి పడవ ఒకటి తిరగబడిపోయి ఉంది. అందరూ ఈది బయటపడ్డారు, ఒక్కడు తప్ప. ఒక ముసలమ్మ కొడుకు. గాలి మారుతోందని పల్లెవాళ్లు ముందే చెప్పారట. ఓడ వెళ్లిపోతుందని ఏజెంటు బలవంతాన పంపాడట.

పల్లెలో ఒక కట్టుబాటుంది. ఎవరి మాట వల్ల మనిషి సముద్రంలో పోయాడో, అతను పోయినవాడి తెడ్డు రెండు చేతులా పట్టుకుని, నీళ్ల ఎదుట నిలబడి, తన నోటితో ఒప్పుకోవాలి. ఇంటివాళ్లు అడిగినదానికి జవాబు చెప్పాలి. ఆ తరవాతే కర్మ.

"నా మోకాళ్ల సంగతి తెలుసు కదోయ్. ఇసకలో నిలబడలేను. నువ్వే రాసి, నువ్వే చెప్పేసి రా" అన్నాడు ఏజెంటు.

చేతుల్లో తెడ్డు ఉంటుంది గనక కాగితం కంఠతా పట్టి, వెళ్లి నీళ్ల ఎదుట నిలబడ్డాను. "నా తొందరపాటుచేత నొక తల్లికి గర్భశోకము గలిగినది" అన్నప్పుడు గొంతు వణికింది. ఆ వణుకుకి లోపల మురిసిపోయాను కూడా. ఎవరూ ఏడవలేదు. ముసలమ్మ నా చేతిలో తెడ్డు తీసుకుని, ఎప్పుడో ఎరిగిన మనిషిని పోల్చుకుంటున్నట్టు చూసింది.

"నువ్వేనా బాబూ" అంది.

మర్నాడు పొద్దున్న ఒడ్డున ఏజెంటు అరుస్తున్నాడు. పడవవాళ్లు ఆయనకేసి చూడ్డం లేదు. వరసగా నిలబడి నాకేసి చూస్తున్నారు.

"ఎల్లమంటావా బాబూ?"

"నన్నడుగుతారేటి? సముద్రం సంగతి నాకేటి తెలుసు?"

"ఆ రోజు పంపినోడివి నువ్వే గదా" అన్నాడు పల్లెపెద్ద.

"ఆ రోజు నాను పలాసలో ఉన్నాను. టేసన్లో మీ బావే నన్ను సూసేడు!"

"సూసేడు. పలాసలోనే ఉన్నావు" అని ఒప్పుకున్నాడు పెద్ద. "పంపినోడివీ నువ్వే." ఆ రెండు మాటలూ ఒకదానికొకటి అడ్డమని ఆయనకి తోచనే లేదు.

ముసలమ్మ రోజూ పొద్దున్నే వచ్చి నా గుమ్మంలో కూర్చునేది. తిట్టేది కాదు. అడిగేది ఒక్కటే.

"ఎల్లినప్పుడు ఆడు ఎనక్కి సూసేడా, బాబూ?"

తెలీదమ్మా, తెలీదమ్మా అంటూ వచ్చాను. ఒకనాడు నోటికి "సూడలేదు" అని వచ్చేసింది.

ఎందుకన్నానో తెలీదు. కాని నిజంగా కనబడింది. కెరటాల ముందు ఒక వీపు. తలగుడ్డ కొసన చిరుగు, అది కనబడకుండా వేసిన ముడి. ఇసక మీద ఎండ ఒక్కసారి పలచబడటం. పొమ్మని లేచిన చెయ్యి, దాని వేలికి సిరా మరక.

"తలగుడ్డకి ముడి ఉందా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

ఆమె తలెత్తి నాకేసి చూసింది. "ఉంది. ఆ పొద్దున్నే నానే ఏసినాను. మరి ఎనక్కి సూడకపోడమేటి?" అని లేచి వెళ్లిపోయింది. మర్నాడు మళ్లీ వచ్చి అదే అడిగింది.

ఆ వీపు ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఆ ముడి ఇదివరకెప్పుడో చూసుంటానని సర్దిచెప్పుకుందామంటే, అది వేసిన పొద్దున నేను పలాసలో ఉన్నాను.

పల్లెపెద్ద దగ్గరికి పరిగెత్తాను. "ఆ మాట నాది కాదు" అన్నాను.

"అయితే ఎవుడిదో ఆడి సేత సెప్పించు" అన్నాడు.

ఏజెంటు నవ్వాడు. "ఎవరు చెబితే ఏమిటోయ్, చెప్పడం అయిపోయింది కదా!"

అయిపోలేదు. పడవవాళ్లు రోజూ నన్నే అడుగుతున్నారు. ఎల్లండి అనడానికి నాకు నోరు పెగలడం లేదు. సముద్రం పళ్లెంలో నీళ్లలా ఉన్నా సరే, ఆ చెయ్యి మళ్లీ లేస్తుందేమోనని భయం. నేను కాదనడం, పడవలు కదలకపోవడం. చివరికి ఓడ కూతల మీద కూతలు పెడుతుంటే ఏజెంటుగారి మోకాళ్లు మందు లేకుండానే కుదిరాయి.

"పక్కన నిలబడి మాటలందించు" అన్నాడు.

"చిత్తం" అన్నాను. దారిలో బడ్డీ దగ్గర ఆగి రెండు కిళ్లీలు కట్టించి, దవడకొకటి చొప్పున కుక్కుకున్నాను.

ఏజెంటు తెడ్డు పట్టుకున్నాడు. ఎదురుగా ముసలమ్మ.

"జరిగినదానికి మేము..." అని మొదలెట్టి, నా వేపు తిరిగాడు. "ఊఁ, తరవాత?"

ఉబ్బిన బుగ్గ వేలితో చూపించి, వినయంగా తల వంచాను.

"ఉమ్మెయ్యవోయ్!" అన్నాడు పళ్ల బిగువున.

గంగమ్మ తల్లి ఎదుట ఉమ్మడమా! లెంపలు వేసుకున్నాను.

అందరూ ఆయన నోటికేసే చూస్తున్నారు. పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. వచ్చినప్పుడు, నా మాటలు తొడుక్కోని ఆయన గొంతు మొదటిసారి విన్నాను. సన్నగా ఉంది.

"గాలి మారుతోందని... చెప్పారు. విన్నాను. అయినా పొమ్మన్నాను. నేనే."

"ఎనక్కి సూసేడా?" అంది ముసలమ్మ.

"చూశాడు" అన్నాడు ఏజెంటు, తెడ్డుకేసి చూస్తూ. "రెండుసార్లు."

ఆమె ఇసకలో కూలబడి, అన్నాళ్లకి ఏడిచింది.

తిరిగొస్తూ ఏజెంటు నా మీద విరుచుకుపడ్డాడు. "నీకు జీతమిచ్చేదెందుకు? సమయానికి నోరు మూసుకోవడానికా?"

జవాబు చెప్పడానికి కిళ్లీ ఇంకా అవలేదు. ఇల్లు చేరేదాకా తాపీగా నములుతూనే ఉన్నాను.